పాయింట్ ఎక్కడ పడుతుంది? క్రిప్టో కొలతలు, మార్పిడి లెక్కలు: సమగ్ర మార్గదర్శి

ఒక వాలెట్‌లో 0.0005 బీటీసీ, అంటే బిట్‌కాయిన్, అని కనిపిస్తుంది. అదే మొత్తాన్ని ఇంకో యాప్ 50,000 శాట్లు అంటుంది. మూడోది 500 బిట్స్ అని చూపిస్తుంది. కాస్త పాత సాఫ్ట్‌వేర్ తెరిస్తే 0.5 ఎంబీటీసీ అని ఉంటుంది. నాలుగూ ఒకటే సొమ్ము. కొత్తగా చూసేవాళ్లకు మాత్రం నాలుగు వేర్వేరు మొత్తాల్లా అనిపిస్తాయి, డబ్బు పోయేది అక్కడే.

ఇలాంటి తికమక కోనసీమకు కొత్తేమీ కాదు. కువైట్ దీనారుకు 1,000 ఫిల్సులు, దుబాయ్ దిర్హమ్‌కు 100 ఫిల్సులు. 250 ఫిల్సులంటే కువైట్‌లో పావు దీనారు, దుబాయ్‌లో రెండున్నర దిర్హమ్‌లు. అమలాపురం, రాజోలు వైపు గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లెవరైనా 'ఏ దేశం ఫిల్సులు?' అని అడిగాకే లెక్క కడతారు. క్రిప్టోలోనూ ముందు అడగాల్సింది అదే: ఏ నాణెం, ఏ నెట్‌వర్క్, అక్కడ పాయింట్ తర్వాత ఎన్ని అంకెలు?

బ్లాక్‌చెయిన్ లోపల పాయింట్ ఉండదు

మిగతా లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. బిట్‌కాయిన్ నెట్‌వర్క్ 0.0005 అనే సంఖ్యను ఎక్కడా దాచుకోదు. దానికి తెలిసింది 50000 అనే పూర్ణ సంఖ్య మాత్రమే. అవి సతోషీలు, వాడుకలో శాట్లు. పాయింట్ మన కళ్ల కోసం వాలెట్ యాప్ పెట్టే గుర్తు. ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల శాట్లు కాబట్టి యాప్ కుడి నుంచి ఎనిమిది అంకెలు లెక్కపెట్టి అక్కడ పాయింట్ వేస్తుంది. అంతకుమించి అందులో మాయ లేదు.

శాట్ కంటే చిన్న ముక్క చేయలేమనడానికి బిట్‌కాయిన్ జారీ లెక్కే సాక్ష్యం. 2009లో ఒక్కో బ్లాకును, అంటే లావాదేవీల కట్టను, చేర్చినవారికి 50 కొత్త బిట్‌కాయిన్ల బహుమతితో మొదలై, 2,10,000 బ్లాకులకోసారి ఆ బహుమతి సగమవుతుంది. 2024 ఏప్రిల్‌లో అది 3.125కు తగ్గింది. ఇలా సగం చేసుకుంటూ పోతే పదోసారికి 0.048828125 రావాలి. పాయింట్ తర్వాత తొమ్మిది అంకెలు వచ్చాయి. తొమ్మిదో అంకెకు చోటు లేదు కనుక నెట్‌వర్క్ దాన్ని కొట్టేసి 48,82,812 శాట్లే ఇస్తుంది. ఇలాంటి కోతల వల్లే మొత్తం బిట్‌కాయిన్లు సరిగ్గా 2.1 కోట్లు కాకుండా, దానికి ఒక పిసరు తక్కువ దగ్గర ఆగుతాయి.

దీన్నుంచి వచ్చే పద్ధతి ఒక్కటే. ఏ మొత్తాన్నైనా ముందు అతి చిన్న కొలతలోకి దించండి, కూడికలూ తీసివేతలూ అక్కడే చేయండి, పాయింట్‌ను చివర్లో వేయండి. పాయింట్‌తో మొదలుపెట్టి మధ్యలో సున్నాలు లెక్కపెట్టేవాళ్లే తప్పు చేస్తారు.

ఏ నాణేనికి ఎన్ని అంకెలు

బిట్‌కాయిన్, లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్: 8 అంకెలు. బిట్‌కాయిన్ చిన్న కొలత శాట్.
ఈథర్: 18 అంకెలు. చిన్న కొలత వెయ్. బీఎన్‌బీ చెయిన్ మీది బీఎన్‌బీకీ 18.
సొలానా: 9 అంకెలు, లాంపోర్ట్. టన్‌కాయిన్‌కూ 9.
కార్డానో: 6 అంకెలు, లవ్‌లేస్.
ఎక్స్‌ఆర్‌పీ: 6 అంకెలు, డ్రాప్.
ట్రాన్: 6 అంకెలు, సన్.
పోల్కాడాట్: 10 అంకెలు, ప్లాంక్.
మొనేరో: 12 అంకెలు, పైకోనీరో.

చాలా పేర్లు మనుషులవే. సతోషి అన్నది బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో పేరు. వెయ్ అన్నది 1998లో బీ-మనీ ఆలోచనను ముందుకు తెచ్చిన వెయ్ దాయ్ పేరు. లాంపోర్ట్ కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ పేరు, లవ్‌లేస్ అడా లవ్‌లేస్ పేరు. ఈథర్‌కు ఫిన్నీ, సాబో అనే మధ్య కొలతలూ ఉన్నాయి గానీ వాటిని ఇప్పుడు ఎవరూ వాడటం లేదు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గ్వెయ్ ఒక్కటి తప్పనిసరిగా తెలియాలి.

ఈథర్ లెక్కను మన అంకెల్లో పెట్టుకుంటే చాలా సుళువు. ఒక ఈథర్‌కు వంద కోట్ల గ్వెయ్. ఒక గ్వెయ్‌కు వంద కోట్ల వెయ్. రెండు మెట్లూ ఒకే ఎత్తు.

శాట్లను తెలుగులో చదవడం

మన కామాలు బిట్‌కాయిన్‌కు సరిగ్గా సరిపోతాయి. లక్షలూ కోట్లతో లెక్కపెట్టేవాళ్లకు దక్కే సౌకర్యం ఇది, మిలియన్లతో లెక్కపెట్టేవాళ్లకు లేదు.

పాయింట్ తర్వాత ఎనిమిది అంకెలు వచ్చేలా కుడివైపు సున్నాలు నింపండి. ఆ ఎనిమిదింటినీ 1, 2, 2, 3 చొప్పున విడగొట్టండి. మొదటి అంకె కోట్లు, తర్వాతి రెండూ లక్షలు, ఆపై రెండూ వేలు, చివరి మూడూ వెయ్యిలోపు. 0.12345678 బీటీసీని 1,23,45,678 అని విడగొడితే కోటీ ఇరవై మూడు లక్షల నలభై ఐదు వేల ఆరువందల డెబ్బై ఎనిమిది శాట్లు. అయిపోయింది.

0.0125 అని ఉంటే? ముందు నింపాలి: 0.01250000. ఇప్పుడు 0,12,50,000, అంటే పన్నెండున్నర లక్షల శాట్లు. నింపకుండా 0125 చూసి '125 శాట్లు' అనుకోవడం అందరూ చేసే మొదటి తప్పు.

తిరుగు దారిలో 47,300 శాట్లను బీటీసీ చేయాలంటే ఎడమవైపు సున్నాలు చేర్చి ఎనిమిది అంకెలు చేయండి: 00047300. ముందు సున్నా, పాయింట్ పెట్టండి: 0.00047300. ఒకసారి మార్చాక వెనక్కి మార్చి చూడటం అలవాటు చేసుకోండి. మొదటి సంఖ్య తిరిగి రాకపోతే ఎక్కడో ఒక సున్నా జారింది.

మధ్య కొలతలు: ఒక ఎంబీటీసీ అంటే లక్ష శాట్లు. ఒక బిట్ అంటే 100 శాట్లు, రూపాయికి పైసల్లాగా. బిట్, బిట్‌కాయిన్ పేర్లు దగ్గరగా ఉండటం దురదృష్టమే. ఒక బిట్‌కాయిన్‌లో పది లక్షల బిట్స్ ఉంటాయి. వాలెట్ సెట్టింగుల్లో కొలత ఎంచుకునే చోటుంటే శాట్లకో బీటీసీకో పెట్టుకుని, మిగతా రెండింటి జోలికి పోకుండా ఉండటం మేలు. శాట్‌నే ఇకపై బిట్‌కాయిన్ అని పిలుద్దామనే ప్రతిపాదన కూడా ఒకటుంది, దాని పేరు బీఐపీ 177. ఏ యాప్‌లోనైనా బిట్‌కాయిన్ గుర్తు పక్కన పాయింట్ లేకుండా 50,000 లాంటి పెద్ద సంఖ్య కనిపిస్తే పొంగిపోకండి, అవి శాట్లే.

రూపాయల్లోకి: లక్షలను పదితో భాగించండి

బిట్‌కాయిన్ ధర రూ.80 లక్షలు అనుకుందాం. ఇది లెక్క కోసం పెట్టుకున్న ధర, ఆ రోజు ధరను యాప్‌లో చూసుకోండి. 80 లక్షలను 10 కోట్లతో భాగిస్తే ఒక శాట్ 0.08 రూపాయి, అంటే 8 పైసలు. కాలిక్యులేటర్ లేకుండా చేయాలంటే ధరలోని లక్షల సంఖ్యను పదితో భాగించండి, వచ్చింది శాట్‌కు పైసలు. 80 లక్షలైతే 8 పైసలు, 95 లక్షలైతే తొమ్మిదిన్నర, కోటి అయితే 10 పైసలు.

'ఒక్కటి కొనాలంటే ఎనభై లక్షలు కావాలి, మనవల్ల ఏమవుతుంది' అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఎకరం కొనలేనివాళ్లు అయిదు సెంట్లు కొన్నట్టే, రూ.100 పెట్టినా 1,250 శాట్లు వస్తాయి. అందరూ కొనాలని కాదు, లెక్క అలా ఉంటుందని చెప్పడమే.

కొన్ని యాప్‌లు ధరను తిరగేసి చూపిస్తాయి: 'రూపాయికి 12.5 శాట్లు' అని. భీమవరం వైపు రొయ్యల కౌంట్ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 50 కౌంట్ అంటే కిలోకు 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములే. కౌంట్ అంకె పెరిగితే రొయ్య చిన్నదైందని అర్థం. రూపాయికి శాట్ల లెక్కా అంతే. 12.5 నుంచి 10కి పడిపోతే ధర 80 లక్షల నుంచి కోటికి పెరిగిందన్నమాట. గ్రాఫ్ కిందికి దిగుతోందని కంగారుపడి అమ్మేసుకునే ముందు అది ఏ వైపు నుంచి గీసిన గ్రాఫో చూడండి.

సగటు లెక్కలో ఇదే తిరకాసు మళ్లీ వస్తుంది. ధర 80 లక్షలున్నప్పుడు రూ.1,000కి, కోటి ఉన్నప్పుడు ఇంకో రూ.1,000కి కొన్నారనుకోండి. సగటు కొనుగోలు ధర 90 లక్షలు కాదు. మొదటిసారి 12,500 శాట్లు, రెండోసారి 10,000 శాట్లు, మొత్తం 22,500. రూ.2,000ను 22,500తో భాగిస్తే శాట్‌కు 8.89 పైసలు, అంటే సుమారు 88.89 లక్షలు. ధరలను కూడి సగం చేయకూడదు. పెట్టిన రూపాయలను కూడి, వచ్చిన శాట్లను కూడి, అప్పుడు భాగించాలి.

రూ.5,000తో పూర్తి లెక్క

ధర 80 లక్షలు, ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే యాప్) కమీషన్ అర శాతం అనుకుందాం. కమీషన్ రూ.25. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.4.50. మిగిలింది రూ.4,970.50. శాట్‌కు 8 పైసల చొప్పున 62,131.25 శాట్లు. పావు శాట్ ఉండదు కాబట్టి 62,131, అంటే 0.00062131 బీటీసీ. మీ యాప్‌లో ఇంతకంటే తక్కువ కనిపిస్తే ముందు కొనుగోలు ధర, అమ్మకం ధర పక్కపక్కన చూడండి. కమీషన్ సున్నా అని చెప్పుకునే చోట కూడా ఈ రెండింటి మధ్య తేడాలో కమీషన్ దాగి ఉంటుంది.

అసలు దెబ్బ బయటికి తీసేటప్పుడు తగులుతుంది. ఎక్స్ఛేంజ్‌లు సొంత వాలెట్‌కు పంపడానికి సాధారణంగా శాతంలో కాకుండా ఇంత బీటీసీ అని స్థిరంగా వసూలు చేస్తాయి. ఆ రుసుము 0.0002 బీటీసీ అని రాసి ఉంటే చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. శాట్లలోకి దించండి: 20,000 శాట్లు, రూ.1,600. మీ దగ్గరున్నవే 62,131. దాదాపు మూడో వంతు దారి ఖర్చుకే పోయింది. పాయింట్ వెనక మూడు సున్నాలుంటే సంఖ్య చిన్నదనే భ్రమను పోగొట్టడానికే ఈ మార్పిడి నేర్చుకోవాల్సింది. ఎంత మొత్తం పోగయ్యాక తీస్తే రుసుము రెండు శాతానికి మించదో ముందే లెక్కేసుకోండి: 20,000ను 50తో గుణిస్తే 10 లక్షల శాట్లు, అంటే 0.01 బీటీసీ.

నెట్‌వర్క్ ఫీజులు: ఇక్కడ కొలతలు వేరు

బిట్‌కాయిన్ ఫీజు పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, లావాదేవీ ఎంత చోటు పడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కొలత: వర్చువల్ బైట్‌కు ఇన్ని శాట్లు. ఈ రోజుల్లో ఎక్కువగా వాడే సెగ్‌విట్ చిరునామాల్లో ఒక పాత జమను ఖర్చుపెట్టి, ఒకటి అవతలివారికి, ఒకటి చిల్లరగా మనకు వచ్చే మామూలు లావాదేవీ 141 వర్చువల్ బైట్లు. రేటు 10 శాట్లయితే 1,410 శాట్లు. శాట్‌కు 8 పైసల చొప్పున రూ.112.80. రూ.500 పంపినా, రూ.5 లక్షలు పంపినా అంతే.

వారం వారం రూ.200 కొని ప్రతిసారీ వాలెట్‌లోకి తీసేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. వాలెట్‌లో ఒక్కో జమ విడి నాణెంలా ఉంటుంది. ఖర్చు పెట్టేటప్పుడు కలిపే ప్రతి జమకూ 68 వర్చువల్ బైట్లు అదనం. అయిదు చిన్న జమలు కలిపి ఒక్కరికే పంపితే సుమారు 382 బైట్లు, అదే రేటుకు 3,820 శాట్లు, రూ.305పైన. మరీ చిన్న జమలను నెట్‌వర్క్ ముందుకు పంపనే పంపదు. పాత తరహా చిరునామాకు 546 శాట్లు, సెగ్‌విట్‌కు 294 శాట్లు కనీస హద్దు. అంతకంటే చిన్నదాన్ని డస్ట్ అంటారు.

బిట్‌కాయిన్ కోర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫీజును 1,000 వర్చువల్ బైట్లకు ఇన్ని బీటీసీ అని అడిగే చోట్లున్నాయి. బైట్‌కు 1 శాట్ అంటే అక్కడ 0.00001. బైట్‌కు 10 కావాలంటే 0.0001. ఒక కొలతలో ఉన్న అంకెను ఇంకో కొలత అడిగే గడిలో వేయడం వల్ల లక్ష రెట్ల ఫీజు కట్టేసే ప్రమాదం ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్లు హెచ్చరిస్తాయి, ఆ హెచ్చరికను చదవకుండా ఓకే నొక్కకండి.

ఈథర్ తిరిగే నెట్‌వర్క్ ఈథీరియం. అందులో ఫీజు రెండు అంకెల గుణకారం: ఎంత గ్యాస్ (లావాదేవీకి నెట్‌వర్క్ చేసే పని కొలత) ఖర్చయింది, ఒక్కో గ్యాస్‌కు ఎన్ని గ్వెయ్. ఈథర్‌ను మామూలుగా ఒకరికి పంపితే 21,000 గ్యాస్. ధర 20 గ్వెయ్ అయితే 4,20,000 గ్వెయ్, అంటే 0.00042 ఈథర్. 2021 ఆగస్టులో వచ్చిన లండన్ మార్పు నుంచి ఈ గ్వెయ్ ధరలో రెండు భాగాలు: నెట్‌వర్క్ కాల్చేసే బేస్ ఫీజు, లావాదేవీని బ్లాకులో చేర్చేవారికి వెళ్లే టిప్. వాలెట్ రెండూ కలిపి చూపిస్తుంది.

రూపాయల్లోకి మార్చడానికి: లక్షల్లో ఉన్న గ్వెయ్‌ను, లక్షల్లో ఉన్న ఈథర్ ధరతో గుణించి, పదితో మళ్లీ గుణించండి. ఈథర్ రూ.3 లక్షలనుకుంటే 4.2 × 3 × 10 = రూ.126. డాలరు విలువకు కట్టి ఉండే టెథర్ లాంటి టోకెన్ పంపడానికి గ్యాస్ ఎక్కువ, 65,000 దాకా పోవచ్చు. 20 గ్వెయ్ దగ్గర 13 లక్షల గ్వెయ్, రూ.390.

గ్యాస్ లిమిట్ (ఎక్కువలో ఎక్కువ ఎంత గ్యాస్ వాడొచ్చో చెప్పేది) గడినీ గ్యాస్ ధర గడినీ కలపకండి. లిమిట్‌ను చేత్తో తగ్గిస్తే ఫీజు ఆదా కాదు. గ్యాస్ మధ్యలో అయిపోతే లావాదేవీ విఫలమవుతుంది, అప్పటిదాకా ఖర్చయిన గ్యాస్ డబ్బు మాత్రం తిరిగి రాదు. ఇంకో సంగతి: టోకెన్ ఎంతున్నా ఫీజు ఆ నెట్‌వర్క్ సొంత నాణెంలోనే కట్టాలి. వాలెట్‌లో 500 టెథర్ ఉండి ఒక్క పిసరు ఈథర్ లేకపోతే ఆ 500 కదలవు.

ఒకే పేరు, వేరే అంకెలు

ఫిల్సుల సమస్య పూర్తి స్థాయిలో కనిపించేది టోకెన్లలోనే. టెథర్‌కు ఈథీరియం మీద 6 అంకెలు, ట్రాన్ మీద 6, సొలానా మీద 6. బీఎన్‌బీ చెయిన్ మీద టెథర్ పేరుతో తిరిగే టోకెన్‌కు మాత్రం 18. ఇంకో డాలరు టోకెన్ యూఎస్‌డీసీకీ అక్కడ అదే పరిస్థితి. అలాంటిదే అయిన డాయ్‌కు ఈథీరియం మీదే 18. బిట్‌కాయిన్‌కు ప్రతిరూపంగా ఈథీరియం మీద తిరిగే డబ్ల్యూబీటీసీకి 8.

మామూలుగా వాలెట్ ఈ తేడా చూసుకుంటుంది. మీరు 50 అని కొడితే 50 వెళ్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, లావాదేవీ వివరాల్లో ముడి సంఖ్యను చూసినప్పుడు, సొంతంగా లెక్కల ఫైల్ కట్టుకునేటప్పుడు. ఈథీరియం మీద 50 టెథర్ ముడి రూపంలో 50000000. బీఎన్‌బీ చెయిన్ మీద అదే 50కి 5 పక్కన 19 సున్నాలు. రెండోదాన్ని ఆరు అంకెల లెక్కన చదివితే 50 లక్షల కోట్ల టెథర్ వచ్చినట్టు కనిపిస్తుంది. ఏ టోకెన్‌కు ఎన్ని అంకెలో ఊహించకండి. ఆ నెట్‌వర్క్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే లావాదేవీలన్నీ చూపించే సైటులో, టోకెన్ పేజీ తెరిస్తే డెసిమల్స్ అని రాసి ఉంటుంది. ఆ పేజీలోని కాంట్రాక్ట్ చిరునామా మీ వాలెట్‌లోని టోకెన్ చిరునామాతో సరిపోలాలి. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. టెథర్ అని పేరు పెట్టి లక్ష టోకెన్లు మీ వాలెట్‌లో పడేసే మోసగాళ్లున్నారు, అవి ఎక్కడా అమ్ముడుపోవు.

ముడి సంఖ్య తప్పక గుర్తుపట్టాల్సిన సందర్భం ఇంకొకటి. ఏదైనా సైటు మీ టోకెన్లు వాడుకోవడానికి అనుమతి అడిగినప్పుడు 1157920892 అంటూ మొదలై 78 అంకెలు సాగే సంఖ్య కనిపిస్తే, అది పొరపాటున వచ్చిన చెత్త కాదు. ఆ గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య అది: 'ఎంతైనా తీసుకో' అని అర్థం. ఈ పనికి 50 టెథర్ చాలనుకుంటే అనుమతి మొత్తాన్ని 50కి దించి సంతకం చేయండి.

నెట్‌వర్క్ ఎంపికలోనూ జాగ్రత్త. ట్రాన్ చిరునామా టీ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి పట్టుకోవచ్చు. ఈథీరియం, బీఎన్‌బీ చెయిన్ చిరునామాలు ఒకేలా ఉంటాయి, చూసి తేడా చెప్పలేరు. పంపేవైపూ అందుకునేవైపూ నెట్‌వర్క్ పేరు చదివి సరిపోల్చాలి.

ఈ సందర్భంలోనే ఒక మాట. గల్ఫ్ నుంచి ఇంటికి డబ్బు పంపడానికి టెథర్ కొని ఇక్కడ తెలియనివారికి అమ్మి రూపాయలు తీసుకోవడం చవకలా కనిపిస్తుంది. ఆ తెలియని వ్యక్తి మీ ఖాతాలో వేసిన సొమ్ము ఎవరినో మోసం చేసి తెచ్చిందైతే, సైబర్ మోసాల 1930 నంబరుకు వెళ్లిన ఫిర్యాదు మీ ఖాతా దాకా వస్తుంది, ఖాతా స్తంభిస్తుంది. మిగిలిన రెండు రూపాయల రేటు దానికి సరిపోదు. జీతం డబ్బుకు బ్యాంకు దారే మంచిది.

మిలియన్లు, చిన్న అంకెలు, ఎక్సెల్

విదేశీ సైట్ల అంకెలు చదివేటప్పుడు ఇవి చేతికింద ఉంచుకోండి: మిలియన్ 10 లక్షలు, బిలియన్ 100 కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. కామాల స్థానం చూసి మోసపోకండి, 100,000 అన్నా 1,00,000 అన్నా లక్షే. కొన్ని యూరప్ భాషల సెట్టింగుల్లో కామా, పాయింట్ తారుమారవుతాయి, అక్కడ 0,005 అంటే మన 0.005. కామాలతో ఉన్న సంఖ్యను కాపీ చేసి మొత్తం గడిలో అతికించకండి, చేత్తో కొట్టండి.

మరీ చవక టోకెన్ల ధరను కొన్ని సైట్లు 0.0₅8 అని రాస్తాయి. కిందికి దించిన చిన్న 5 అంటే పాయింట్ తర్వాత మొత్తం అయిదు సున్నాలున్నాయని. కాబట్టి అది 0.000008. దాన్ని 0.058 అని చదివితే ఏడు వేల రెట్లకు పైగా తేడా.

ఎక్సెల్ పదిహేను అంకెలనే కచ్చితంగా పట్టుకుంటుంది. 1234567890123456789 వెయ్ అని గడిలో అతికిస్తే 1234567890123450000 అయిపోతుంది, హెచ్చరిక కూడా ఇవ్వదు. లేదా 1.23 పక్కన ఈ, ప్లస్ 18 అని కుదించి చూపిస్తుంది. వెయ్ వివరాలు ఉంచాలంటే ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి, ఆ తర్వాత అతికించండి. ముందు అతికించి తర్వాత ఫార్మాట్ మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు. ఇంటి లెక్కకు ఈథర్‌లో ఎనిమిది అంకెలు చాలు. బిట్‌కాయిన్‌ను శాట్లలో రాసుకుంటే ఈ బాధే లేదు.

లైట్నింగ్ బిల్లుల అక్షరాలు

లైట్నింగ్ అంటే చిన్న చెల్లింపుల కోసం బిట్‌కాయిన్ మీద కట్టిన వేరే నెట్‌వర్క్. శాట్ కంటే చిన్న ముక్క లేదన్నది బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌కే, లైట్నింగ్ లోపల కొలత శాట్‌లో వెయ్యో వంతు, మిల్లీశాట్. బిల్లు మొదట్లో ఎల్‌ఎన్‌బీసీ అనే అక్షరాలు, తర్వాత సంఖ్య, ఆపై ఒక అక్షరం ఉంటాయి. అది ఎమ్ అయితే సంఖ్యను లక్షతో గుణించండి, యూ అయితే 100తో గుణించండి, ఎన్ అయితే పదితో భాగించండి. శాట్లు వస్తాయి. 2500యూ అంటే రెండున్నర లక్షల శాట్లు, 20ఎమ్ అంటే 20 లక్షలు, 10ఎన్ అంటే ఒకే ఒక్క శాట్. మామూలు బిట్‌కాయిన్ క్యూఆర్ కోడ్‌లో మాత్రం మొత్తం బీటీసీల్లో ఉంటుంది.

అమ్మకం, పన్ను

పై 62,131 శాట్లను ధర కోటి ఉన్నప్పుడు అమ్మితే రూ.6,213.10. 2022 జూలై 1 నుంచి ఉన్న 1 శాతం టీడీఎస్ కోస్తే రూ.62.13 పోతుంది. అది ఖర్చు కాదు, ముందుగా కట్టిన పన్ను. పన్ను శాఖ ఇచ్చే 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుబాటవుతుంది. లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. ఫీజులను ఖర్చుగా చూపకుండా కొన్న విలువ రూ.4,970.50 తీసేస్తే లాభం రూ.1,242.60. పన్ను రూ.372.78, సెస్సు రూ.14.91, మొత్తం రూ.387.69. ఇందులో టీడీఎస్ పోను కట్టాల్సింది రూ.325.56. వేరే నాణెంలో వచ్చిన నష్టాన్ని ఈ లాభంలో తగ్గించుకోవడానికి వీల్లేదు. ఒక క్రిప్టో ఇచ్చి ఇంకో క్రిప్టో తీసుకున్నా అమ్మకం కిందికే వస్తుంది. అందుకే రాసుకునేటప్పుడు తేదీ, సమయం, శాట్లు, ఆ క్షణం రూపాయి ధర, ఫీజు, టీడీఎస్ విడివిడి వరుసల్లో ఉంచండి. రిటర్నులో క్రిప్టో వివరాలు రాసే షెడ్యూల్ వీడీఏ నింపేటప్పుడు ఒక్కో అమ్మకానికీ కొన్న తేదీ, అమ్మిన తేదీ అడుగుతుంది.

పంపే ముందు

తెరపై ఉన్న కొలత పేరు చదవండి: బీటీసీనా, శాట్లా, రూపాయలా. కొన్ని యాప్‌లలో చిన్న బాణం గుర్తు తాకితే కొలత మారిపోతుంది గానీ కొట్టిన అంకె అలాగే ఉంటుంది. 5000 అని రూపాయలనుకుని కొట్టినది శాట్లు కావచ్చు. తర్వాత తుది పేజీలో అవతలివారికి చేరే మొత్తం, ఫీజు, మీ దగ్గర మిగిలేది మూడూ శాట్లలో రాసుకుని కూడండి. మొదట మీ దగ్గరున్న మొత్తంతో కలవాలి.

పెద్ద మొత్తానికి ముందు చిన్న మొత్తం పంపి చూడటం మంచి అలవాటే. సొంత వాలెట్ నుంచైతే ఆ పరీక్షకు వెయ్యీ రెండు వేల శాట్లే పోతాయి. ఎక్స్ఛేంజ్ నుంచి తీసేటప్పుడు మాత్రం 20,000 శాట్ల రుసుము రెండుసార్లు పడుతుంది, పంపేది 10 లక్షల శాట్ల లోపైతే పరీక్ష కంటే చిరునామా మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు రెండు తెరల మీద పోల్చుకోవడమే నయం. ఎక్స్ఛేంజ్‌లోకి పంపే పరీక్ష అయితే అక్కడి కనీస జమ ఎంతో ముందు చూడండి. దానికి ఒక్క శాట్ తక్కువ పంపినా ఖాతాలో కనిపించకపోవచ్చు.